నల్ల కాగు ఎవరి చేతిలో? ఒట్టోమన్ కాలపు దర్వేషు మఠాల వక్ఫు వ్యాజ్యాలు

సభకు నమస్కారం.

ఒట్టోమన్ రాజ్యంలో ఒక వక్ఫు ఎలా పుట్టేదో చెప్పి ఈ ప్రసంగం మొదలుపెడతాను, ఎందుకంటే ఆ పుట్టుకే ఒక వ్యాజ్యం. దాత తన తోటనో, పిండిమరనో, దుకాణాల వరుసనో దర్వేషుల, అంటే సూఫీ సాధువుల, మఠానికి రాసి, దాన్ని చూసుకోవడానికి ఒక ముతవల్లీని నియమించి, ఆస్తిని అతని చేతికి అప్పగిస్తాడు. ఆ వెంటనే అదే దాత ఖాజీ ముందు నిలబడి, తన మనసు మారిందనీ, ఇమాం అబూ హనీఫా చెప్పిన ప్రకారం వక్ఫు దాతను శాశ్వతంగా కట్టిపడేసేది కాదు గనక తన ఆస్తి తనకు తిరిగి ఇప్పించాలనీ అడుగుతాడు. ముతవల్లీ ఒప్పుకోడు. అబూ హనీఫాకు శిష్యులే అయిన అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ ఈ విషయంలో గురువుతో విభేదించారనీ, దాత నోట మాట వెలువడితే చాలునని ఒకరూ, ఆస్తి ముతవల్లీ చేతికి చేరితే చాలునని మరొకరూ అన్నారనీ, ఇద్దరి లెక్కనా ఈ వక్ఫు తిరుగులేనిదేననీ వాదిస్తాడు. ఖాజీ ఇరుపక్షాలా విని, ఇమాముల మధ్య ఉన్న భేదం తెలిసే ఈ తీర్పు ఇస్తున్నానని చెప్పి, శిష్యుల పక్షం వహించి ముతవల్లీని గెలిపిస్తాడు. దాతకు ఆస్తిని తిరిగి తీసుకోవాలన్న కోరిక ఎన్నడూ లేదు. అతను ఓడిపోవడానికే వచ్చాడు. ఒకసారి తీర్పు పడిందంటే తరవాత వచ్చే ఏ ఖాజీ కూడా అబూ హనీఫా మాట పట్టుకుని ఆ వక్ఫును రద్దు చేయలేడు, అందుకే ఈ నాటకమంతా. ఆ కాలపు వక్ఫునామాలు చదివితే చివరి భాగంలో ఈ ఉత్తుత్తి వ్యాజ్యం పూసగుచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ తరవాత వచ్చే వ్యాజ్యాలు మాత్రం ఉత్తుత్తివి కావు. ఈ రోజు వాటి గురించే మాట్లాడతాను.

ముందు మాటల సంగతి చూద్దాం. వక్ఫు, ముతవల్లీ, ఖాజీ, ఫత్వా, దర్గా అన్న మాటలు నిజాం రాజ్యపు కాగితాల ద్వారా మన వాడుకలో ఎప్పుడో కలిసిపోయాయి గనక వాటిని నేను విడమరచనక్కర్లేదు. తుర్కులు ముతవల్లీని ముతెవెల్లీ అనేవారు. సుల్తాను ముద్రతో వచ్చే నియామక పత్రాన్ని బెరాత్ అనేవారు, దాన్ని మనం సనదు అనుకోవచ్చు. దర్వేషుల మఠానికి జావియె, తెక్కె అని పేర్లు, పెద్దదైతే దెర్గాహ్ అని మరో పేరు. మనకు దర్గా అనగానే పీరు సమాధి గుర్తుకొస్తుంది. అక్కడ దెర్గాహ్ అంటే సమాధితో పాటు దర్వేషులు ఉండే గదులు, జపం జరిగే సావడి, వంటశాల, ధాన్యపు కొట్టు, గుర్రాల సాల, వచ్చే పోయే బాటసారి తలదాచుకునే చోటు, అన్నీ కలిసిన ఒక సంసారం. ఆ సంసారం వక్ఫు రాబడి మీద నడుస్తుంది. రాబడి ఉన్నచోట చేతులు మారడమూ ఉంటుంది.

ఈ తగాదాలను దశాబ్దాలుగా చదువుతూ వస్తున్న నాకు ఒక విషయం మనసులో గట్టిగా నాటుకుంది. పైకి ఇవన్నీ పీరుకు అసలైన వారసుడెవరన్న ఆధ్యాత్మిక వివాదాల్లా కనిపిస్తాయి. కానీ ఖాజీ న్యాయస్థానానికి ఒక హద్దు ఉంది: అది పుట్టుకను విచారించగలదు గాని దీక్షను విచారించలేదు. ఫలానావాడు ఫలానావాని కొడుకేనని ఇద్దరు సాక్షులు చెప్పగలరు. ఫలానావాని గుండెలో గురువు వెలిగించిన దీపం వెలుగుతోందని ఏ సాక్షి చెప్పగలడు? ఈ హద్దు మూలాన పీరు మార్గం ఒక వైపుకూ, పీరు ఆస్తి మరో వైపుకూ నడిచిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది నేటి టర్కీలోని అనతోలియా నడిబొడ్డున ఉన్న హాజీ బెక్తాష్ మఠానిది. అక్కడికి చేరేలోపు చట్టం ఎలా పనిచేసేదో కొంత చూడాలి.

మఠంలో రెండు పదవులుంటాయి. షేక్ దర్వేషులకు గురువు. పీఠమనే గొర్రెతోలు మీద కూర్చునేవాడు గనక అతన్ని పోస్త్‌నిషీన్ అని కూడా అంటారు. ముతవల్లీ ఆస్తిని చూసుకుంటాడు, కౌళ్లు వసూలు చేస్తాడు, ఖర్చు రాస్తాడు. వీరిద్దరి మీద కన్నేసి ఉంచడానికి దాత ఒక నాజిర్‌ను కూడా పెట్టవచ్చు. చాలా పాత జావియెలలో షేక్, ముతవల్లీ ఒకరే. అలా ఉంటే లెక్క అడిగేవాడు ఉండడు. ఇద్దరూ వేరైతే రోజూ జగడమే. ముతవల్లీ దర్వేషుల కడుపు మాడుస్తున్నాడని షేక్ ఫిర్యాదు చేస్తాడు, షేక్ పనిలేనివాళ్లను చేరదీసి వక్ఫు మోయలేనంత మందిని మఠంలో నింపాడని ముతవల్లీ బదులిస్తాడు. ఈ రెండు ఫిర్యాదులూ ఎక్కువ సార్లు నిజమే అయి ఉంటాయని నేను అనుకుంటాను.

ఒట్టోమన్ న్యాయవేత్తల నోట నానిన సూత్రం ఒకటుంది: దాత పెట్టిన షరతు ధర్మశాస్త్ర వాక్యంతో సమానం. కాబట్టి ఖాజీ చేసే మొదటి పని వక్ఫునామా తెమ్మనడం. అందులో పదవి ‘సంతానానికి’ అని రాసి ఉంటే తగాదా తీరిపోవాలి, కానీ అక్కడే మొదలవుతుంది. సంతానమంటే కూతురి బిడ్డలు కూడానా? దీని మీద అబూ హనీఫా బాట పట్టిన హనఫీ పండితుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. అందుకే జాగ్రత్తగల దాతలు ‘మగ సంతానానికి’ అనో, ‘ఆడైనా మగైనా’ అనో ముందే తేల్చి రాయించేవారు. ‘తరం తరవాత తరం’ అని రాసి ఉంటే, పై తరంలో ఒక్కరు బతికి ఉన్నా కింది తరానికి హక్కు రాదు. అప్పుడు తండ్రి చనిపోయిన కొడుకు, తండ్రి పీఠం తనది కాదనీ, బతికున్న పినతండ్రిదనీ ఖాజీ నోట వినవలసి వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ తగాదాలు తెచ్చిన షరతు ‘సంతానంలో ఎక్కువ యోగ్యుడికి, ఎక్కువ వివేకికి’ అన్నది. తుర్కీ కాగితాలలో అస్లహ్, ఎర్షెద్ అన్న రెండు మాటలుగా అది కనిపిస్తుంది. దాత మంచి ఉద్దేశంతోనే ఆ మాటలు రాయించాడు, పెద్దకొడుకన్న ఒక్క కారణంతో చేతకానివాడి చేతిలో మఠం పడకూడదని అతని ఆరాటం. కానీ అన్నదమ్ములలో ఎక్కువ వివేకి ఎవరో ఎలా తేలాలి? ఇద్దరూ సాక్షులను తెస్తారు. ఈ పేట పెద్దలు ఒకరిని వివేకి అంటారు, ఆ పేట పెద్దలు మరొకరిని. చివరకు పదవిని సగాలుగా, పాతికలుగా పంచడం కూడా జరిగేది. 18వ శతాబ్దపు కాగితాలలో సగం షేక్ పదవి, నాలుగో వంతు ముతవల్లీ పదవి అన్న మాటలు మామూలుగా కనిపిస్తాయి.

తండ్రి పోయేనాటికి కొడుకు పసివాడైతే? పసివాడినే షేక్‌గా నిలిపి, పెద్దవాడయ్యేదాకా ఒక వకీలును ప్రతినిధిగా పెట్టేవారు. జనం వీళ్లను ఉయ్యాల షేకులనేవారు. వకీలు ఏళ్ల తరబడి మఠం నడిపి, దర్వేషుల ప్రేమ సంపాదించుకుని, చివరకు ఆ కుర్రవాడికి గొర్రెతోలు ఖాళీ చేసి ఇవ్వవలసి వచ్చినప్పుడు పుట్టే వ్యాజ్యం ఎంత బాధాకరంగా ఉంటుందో ఊహించుకోండి. ఆ వకీలు పక్షాన ఉన్నవన్నీ మనసుకు సంబంధించినవి, కుర్రవాడి పక్షాన ఉన్నది ఒక్క కాగితం.

ఖాజీ తీర్పుతో పని పూర్తయ్యేది కాదు. ఖాజీ నివేదిక రాసి ఇస్తాంబుల్‌కు పంపితే, అక్కడి నుంచి సుల్తాను బెరాత్ రావాలి. కొత్త సుల్తాను గద్దె ఎక్కినప్పుడల్లా పాత బెరాత్‌లన్నీ మళ్లీ కొత్తగా రాయించుకోవాలి, అదొక ఖర్చు, అదొక అవకాశం కూడా. పదవి ఖాళీ అయిందని అబద్ధం చెప్పి దూరపు బంధువు ఒకడు తన పేర బెరాత్ సంపాదించుకొస్తాడు. బతికే ఉన్న షేక్ తన బెరాత్ పట్టుకుని ఖాజీ దగ్గరికి పరుగెత్తుతాడు. ఒకే గొర్రెతోలుకు రెండు సుల్తాను ముద్రలు. అప్పుడు ఇద్దరూ రాజధానికి అర్జీ పెడతారు. సామాన్యుడు సైతం సుల్తాను దివాన్‌కు నేరుగా మొరపెట్టుకునే హక్కు ఆ రాజ్యంలో ఉండేది, 17వ శతాబ్దం నడుమ నుంచి ఆ ఫిర్యాదులకు ప్రత్యేకంగా దస్తరాలే ఉన్నాయి. అయితే దివాన్ నుంచి వచ్చే ఉత్తరువు చాలా సార్లు అదే ఊరి ఖాజీకే వస్తుంది, ధర్మశాస్త్రం ప్రకారం విచారించి తేల్చమని. ఎండనపడి వారాల తరబడి నడిచి వెళ్లిన దర్వేషు చేతిలో ఆ ఉత్తరువుతో తిరిగి అదే గుమ్మం ముందు నిలబడతాడు.

ముతవల్లీని దించడం అంత తేలిక కాదు. అతను ద్రోహం చేశాడని రుజువు కావాలి. కాగితాలలో ఆ మాట హియానెత్. ద్రోహమంటే దొంగతనమే కానక్కర్లేదు. వక్ఫు దుకాణాన్ని బజారు అద్దెకన్నా బాగా తక్కువకు తన బావమరిదికి ఇవ్వడం ద్రోహమే. ఇంటిని ఏడాదికి మించి, పొలాన్ని మూడేళ్లకు మించి కౌలుకివ్వకూడదన్న నియమాన్ని దాటడమూ తప్పే, ఎందుకంటే కౌలుదారు దీర్ఘకాలం పాతుకుపోతే ఆస్తి తనదేనంటాడు. రుజువుకు దారి జమాఖర్చు పుస్తకం. ఆ పుస్తకాలను ఒక్కసారి దగ్గరగా చూడాలి. ఒక పక్క జమ: పల్లెల నుంచి వచ్చిన గోధుమలు, బార్లీ, మర కౌలు, తోట కౌలు. రెండో పక్క ఖర్చు: బియ్యం, నెయ్యి, తేనె, ఉప్పు, వంటచెరకు, దీపాలకు నూనె, కొవ్వొత్తులు, చాపలు, రాగి పాత్రలకు కళాయి. కళాయి పద్దు చూసినప్పుడల్లా నాకు ఆ మఠం కళ్లకు కడుతుంది. కళాయి పోయిన రాగి గిన్నెలో పులుపు వండితే తిన్నవాడికి విషమవుతుంది. ఏళ్ల తరబడి లెక్కలలో కళాయి పద్దు కనిపించకపోతే ఆ వంటశాలలో పొయ్యి వెలగడం లేదనైనా అర్థం, ముతవల్లీకి తినేవాళ్ల మీద దయ లేదనైనా అర్థం. లెక్క చూసే ఖాజీలు ఆ మాత్రం చదవగలిగినవాళ్లే.

జావియెలకు పన్ను మినహాయింపు ఇచ్చిన ప్రతి సుల్తాను కాగితంలోనూ ఒక షరతు ఉంటుంది: ‘వచ్చే పోయేవారికి సేవ చేయాలి’. అయెందె వె రెవెందె అన్న ఆ పర్షియన్ మాటల జంట భూమి సర్వే పుస్తకాలలో వేల సార్లు కనిపిస్తుంది. కనుమ దారిలోనో, అడవి అంచునో నిలిచిన జావియెలో బాటసారికి ఒక రాత్రి చోటు, ఒక గిన్నెడు గంజి దొరకాలి, అందుకే మినహాయింపు. సేవ ఆగిపోయిందని సాక్ష్యం దొరికితే ప్రత్యర్థికి అంతకన్నా పెద్ద ఆయుధం లేదు. చాలా అర్జీలలో వంశం మాట ఎత్తకముందే ఈ మాట ఎత్తుతారు: ‘ఇతను బాటసారులకు తిండి పెట్టడం లేదు.’ పెద్ద పెద్ద వారసత్వ వాదాల అడుగున ఈ గంజి గిన్నె ఉందని మరచిపోతే ఈ వ్యాజ్యాలు మనకు ఏమాత్రం అర్థం కావని నేను నమ్ముతాను.

ఇక పల్లెల మీద హక్కు. మఠానికి ‘ఇచ్చిన’ పల్లె చాలా సార్లు మఠం సొంతం కాదు. భూమి రాజ్యానిది, మఠానికి దక్కేది దాని పన్ను మాత్రమే. 16వ శతాబ్దంలో సుమారు ముప్పై ఏళ్లు షేఖుల్ ఇస్లాంగా, అంటే రాజ్యంలో అత్యున్నత ఫత్వా అధికారిగా, ఉన్న ఎబుస్సూద్ ఎఫెంది ఈ భేదాన్ని స్పష్టం చేశాడు, ఎందుకంటే రాజ్యం ఇచ్చిన పన్నును రాజ్యం వెనక్కి తీసుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు దాని మీదే ఆధారపడుతుంది. అనతోలియా నడి ప్రాంతాలలో ఒకే పొలం మీద రెండు వాటాలుండేవి, ఒకటి వక్ఫుదారుకు, రెండోది సర్కారు తరఫున, జీతానికి బదులు పన్ను వసూలు చేసుకునే గుర్రపు సిపాయికి. రైతు ఇద్దరికీ కొలిచేవాడు. పెళ్లి సుంకం, జరిమానాల సొమ్ము వీరిద్దరిలో ఎవరికి చెందాలన్నది ఎడతెగని వ్యాజ్యం. కొన్ని మఠాల పల్లెలకు మాత్రం గొప్ప రక్షణ ఉండేది. ‘కలం తెగిన, కాలు తెగిన’ పల్లె అని కాగితాలలో రాసేవారు. గుమాస్తా కలం అక్కడి లెక్క రాయదు, అధికారి కాలు అక్కడ మోపదు.

రాజే ప్రతివాది అయిన సందర్భం కూడా ఉంది. ఇస్తాంబుల్‌ను గెలిచిన రెండో మెహ్మెద్ తన పాలన చివరి ఏళ్లలో, యుద్ధాల ఖర్చుకోసం, వేలాది వక్ఫు గ్రామాలను, పొలాలను లాక్కుని సిపాయిలకు పంచాడు. దెబ్బ తిన్నవారిలో దర్వేషు మఠాలు ముందువరసలో ఉన్నాయి. 1481లో అతను చనిపోగానే గద్దెనెక్కిన రెండో బాయజీద్ ఆ ఆస్తులలో చాలా భాగం తిరిగి ఇచ్చేశాడు. వలీ బాయజీద్ అని జనం అతన్ని పిలుచుకోవడానికి ఇదొక కారణం. నూరు తీర్పులు చేయలేని పని ఒక గద్దె మార్పు చేసింది.

ఇప్పుడు హాజీ బెక్తాష్ మఠానికి వస్తాను. 13వ శతాబ్దంలో ఖురాసాన్ నుంచి వచ్చాడని చెప్పే హాజీ బెక్తాష్ వెలీ సులుజకరహోయూక్ అన్న చిన్న పల్లెలో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఆ ఊరి పేరే హాజీబెక్తాష్. అతని సమాధి చుట్టూ పెరిగిన మఠం, అతని మార్గం పట్టిన బెక్తాషీలందరికీ తల్లిమఠం. సుల్తాను సొంత కాల్బలమైన జానిసరీ సైనికులకు అతనే పీరు. మఠానికి మూడు ముంగిళ్లు, నడి ముంగిట్లో వంటశాల, ఆ వంటశాలలో కరా కజాన్ అనే నల్ల కాగు. సైనికులకూ దర్వేషులకూ కూడా కాగు పవిత్రమైనది. జానిసరీలు తిరుగుబాటు చేస్తే ముందుగా చేసే పని తమ కాగును బోర్లించడం.

ఈ మఠం తనదని రెండు పక్షాలు చెప్పాయి. చెలెబీలు తాము హాజీ బెక్తాష్ రక్తసంతానమన్నారు. బెల్ ఎవ్లాదీ, అంటే నడుమున పుట్టిన బిడ్డలు. బాబాల, అంటే మార్గంలో దీక్ష ఇచ్చే గురువుల, పక్షం, పీరు పెళ్లే చేసుకోలేదనీ, కాబట్టి అతనికి రక్తసంతానం ఉండే ప్రసక్తే లేదనీ, అతని బిడ్డలు యోల్ ఎవ్లాదీ, బాట బిడ్డలు మాత్రమేననీ అంది. ఈ రెండు మాటల నడుమ ఒక గాథ ఉంది. పీరు ఆశ్రయం పొందిన ఇంటి ఇల్లాలు కదుంజుక్ ఆనా, అతను చేతులు కడుక్కున్న నీటిని, అందులో అతని ముక్కు నుంచి రాలిన రక్తపు చుక్కలతో సహా, తాగి గర్భవతి అయిందని పాత గాథ చెబుతుంది. ఒక పక్షం ఆమెను భార్య అంటుంది, ఇంకో పక్షం ఆత్మపుత్రిక అంటుంది. ఖాజీ ముందుకు ఏ సాక్షిని తెచ్చి ఈ ప్రశ్న తేల్చగలరు?

1520లలో చెలెబీ వంశంవాడైన కలెందర్ చెలెబీ సుల్తాన్ సులేమాన్ మీద తిరుగుబాటు లేవదీసి ప్రాణాలు కోల్పోయాడు. అంతకు కొద్ది ఏళ్ల ముందే కన్నుమూసిన బాలిం సుల్తాన్, మఠానికి కట్టుదిట్టమైన నియమావళి, పెళ్లి మానుకున్న ముజెర్రెద్ దర్వేషుల వరుస ఏర్పరచాడు. ఆ దర్వేషులు చెవికి పోగు పెట్టుకుంటారు. తిరుగుబాటు తరవాత కొంతకాలం మఠం దిక్కులేకుండా ఉందనీ, 1551లో సెర్సెమ్ అలీ బాబా వచ్చి, బాబాలందరికీ పెద్ద అయిన దెదెబాబా గద్దె స్థాపించాడనీ బాబాల సంప్రదాయం చెబుతుంది. అప్పటి నుంచి ఒకే ఆవరణలో రెండు అధికారాలు నడిచాయి. లోపల, పీరు ఇంట్లో, దీక్ష ఇచ్చేది దెదెబాబా. వెలుపల, వక్ఫు ముతవల్లీగా బెరాత్ ఉన్నది చెలెబీకి. రాజ్యం కూడా కాగితాలలో చెలెబీనే గుర్తించింది. ఇతర ఊళ్లలోని బెక్తాషీ మఠాలకు షేకులను నియమించేటప్పుడు అతని సిఫారసు అడిగేది.

చట్టం ఎందుకు ఇలా మొగ్గింది? చెలెబీలే నిజమని రాజ్యం తేల్చుకున్నందువల్ల కాదని నా అభిప్రాయం. చట్టానికి అర్థమయ్యే భాషలో మాట్లాడింది వాళ్లొక్కరే. పదవి సంతానానిదన్న మాట వక్ఫు చట్టానికి వాడుకైనది. తండ్రి పేరు, తాత పేరు, బెరాత్ తేదీ, అన్నీ చూపించవచ్చు. పెళ్లి మానుకున్న దర్వేషుకు వారసుడు ఎవరని అడిగితే గురువు ఎంచినవాడని చెబుతాడు, ఆ ఎంపిక తలుపులు మూసిన సావడిలో, రహస్యంగా, బయటివాడికి చెప్పకూడని మాటలతో జరుగుతుంది. రహస్యాన్ని కాపాడుతానని ప్రమాణం చేసినవాడు ఖాజీ ముందు సాక్ష్యం చెప్పలేడు. బాబాల మార్గానికి ప్రాణం ఏదో అదే న్యాయస్థానంలో వాళ్ల నోరు కట్టేసింది. వాళ్లకు మిగిలింది స్వాధీనం ఒక్కటే: పొయ్యి వాళ్ల చేతిలో ఉంది, కాగు వాళ్ల చేతిలో ఉంది. కాగులోకి గోధుమలు రావాలంటే చెలెబీ సంతకం కావాలి. ఇది మూడు శతాబ్దాల కాపురం. అందులో ప్రేమ ఎంతో జగడమూ అంతే ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఒకరు లేకుండా ఇంకొకరు మఠాన్ని ఒక్క శీతకాలం కూడా నడపలేరు.

1826 జూన్‌లో రెండో మహ్మూద్ జానిసరీలను నిర్మూలించాడు. వారికి పీరు మఠమైన పాపానికి బెక్తాషీల మీద కత్తి పడింది. మఠాలను మూసేయడానికి వాడిన వాదన కూడా వక్ఫు వాదనే కావడం గమనించాలి. అరవై ఏళ్లలోపు కట్టినవాటిని కూల్చమన్నారు, అంతకన్నా పాతవాటిని మసీదులకో, మదరసాలకో, ఇతర సూఫీ వర్గాలకో మళ్లించమన్నారు. వక్ఫును రద్దు చేశామని అనరు, దాని వాడకం దారి తప్పింది గనక సరిదిద్దామంటారు. తల్లిమఠంలో నక్ష్‌బందీ అనే మరో సూఫీ వర్గపు షేక్‌ను కూర్చోబెట్టారు, ముంగిట్లో మసీదు కట్టారు. చెలెబీ హమ్దుల్లా ఎఫెందిని అమాస్యాకు ప్రవాసం పంపారు. అదే ఏడాది పుట్టిన వక్ఫుల మంత్రిత్వ శాఖ రాజ్యమంతటి వక్ఫుల రాబడిని కేంద్ర ఖజానా కిందికి లాగడం మొదలుపెట్టింది. తంజీమాత్ సంస్కరణల తరవాత పల్లెల పన్నును సర్కారే వసూలు చేసుకుని మఠానికి ఇంత అని నగదు ఇచ్చేది. ధాన్యం ధర పెరిగినా ఆ నగదు పెరగదు. కలం తెగిన, కాలు తెగిన పల్లెలు ఇక లేవు.

అయినా కొన్ని పెద్ద పీర్ల వక్ఫులను మంత్రిత్వ శాఖ అజమాయిషీ నుంచి మినహాయించారు. కోన్యాలోని మెవ్లానా జెలాలుద్దీన్ (రూమీ), అంకారాలోని హాజీ బాయ్‌రామ్, హాజీ బెక్తాష్ వక్ఫులు ఆ జాబితాలోవే. కోన్యాలో ఈ చిక్కు లేదు: అక్కడ చెలెబీ మెవ్లానా వంశంవాడు, మార్గానికీ అతనే పెద్ద, వక్ఫుకూ అతనే ముతవల్లీ. రక్తమూ బాటా ఒకే మనిషిలో కలిశాయి గనక అక్కడి తగాదాలు అన్నదమ్ముల తగాదాలుగానే నడిచాయి.

1866లో షేఖుల్ ఇస్లాం కార్యాలయం కింద షేకుల సభ ఒకటి, మెజ్లిసె మెషాయిహ్, ఏర్పడింది. ఇస్తాంబుల్‌లోని యెనికాపు మెవ్లెవీ మఠపు షేక్ ఒస్మాన్ సలాహద్దీన్ దెదె దానికి మొదటి అధ్యక్షుడు. షేక్ పదవి ఖాళీ అయితే అర్హత చూసి నియమించే పని ఈ సభకు వచ్చింది. శతాబ్దాలుగా ఖాజీ అడగడానికి వెనకాడిన ప్రశ్నను, ‘నీకు ఈ మార్గం తెలుసా?’ అన్న ప్రశ్నను, దర్వేషులే దర్వేషులను అడిగే ఏర్పాటు ఇది. ఆలస్యమైనా న్యాయమైన ఏర్పాటనే నేనంటాను. బెక్తాషీలకు మాత్రం దాని నీడ దక్కలేదు. చట్టం దృష్టిలో వారి మార్గం అప్పటికింకా లేనిదే.

1908 నాటి యువ తుర్కుల విప్లవం తరవాత పత్రికలకు నోరు వచ్చినప్పుడు చెలెబీల, బాబాల తగాదా న్యాయస్థానం గడప దాటి అచ్చులోకి వచ్చింది. పీరుకు పెళ్లి అయిందా లేదా అన్న వాదం, జవాబు వాదం పుస్తకాలుగా వెలువడ్డాయి. చెలెబీ జెమాలుద్దీన్ ఎఫెంది తానే కలం పట్టి తన వంశం తరఫున జవాబు రాశాడు. 1919 డిసెంబరులో, తరవాత టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్ అంకారాకు పోతూ హాజీబెక్తాష్‌లో ఆగాడు. అతను చెలెబీ జెమాలుద్దీన్‌నూ కలవవలసి వచ్చింది, మఠంలో దెదెబాబా వకీలుగా ఉన్న సాలిహ్ నియాజీ బాబానూ కలవవలసి వచ్చింది. ఆ ఊళ్లో మద్దతు కోరినవాడు రెండు గుమ్మాలూ ఎక్కాలి. మరుసటి ఏడాది జెమాలుద్దీన్ జాతీయ సభకు ఉపాధ్యక్షుడయ్యాడు, 1922 ప్రాంతంలో కన్నుమూశాడు.

1925 నవంబరు 30న 677వ నంబరు చట్టం టర్కీలోని దర్వేషు మఠాలన్నిటినీ మూసేసింది, షేక్, చెలెబీ, బాబా అన్న పదవులనే రద్దు చేసింది. సాలిహ్ నియాజీ అల్బేనియాకు వెళ్లిపోయాడు. బెక్తాషీల కేంద్రం ఇప్పుడు టిరానాలో ఉంది. చెలెబీల వంశం ఆ ఊళ్లోనే ఉండిపోయింది. 1964 ఆగస్టు 16న మఠం మ్యూజియంగా తెరుచుకుంది. నల్ల కాగు ఇప్పటికీ ఆ వంటశాలలోనే ఉంది, పొయ్యి మాత్రం చల్లారింది.

పదవులు పోయినా వక్ఫుల వ్యాజ్యాలు ఆగలేదు. దాత సంతానమే నడపాలన్న షరతుతో పుట్టిన పాత వక్ఫులను టర్కీ చట్టం ముల్హక్ వక్ఫులు అన్న పేరుతో ఇప్పటికీ గుర్తిస్తుంది. 2008 నాటి వక్ఫుల చట్టం కూడా వాటిని ఉంచింది. వక్ఫు ఖర్చులు పోగా మిగిలిన రాబడిలో తమకు వాటా ఉందని దాత వారసులు సివిల్ కోర్టులలో దావాలు వేస్తారు. అప్పుడు జడ్జి ఒక నిపుణుణ్ణి నియమిస్తాడు, ఆ నిపుణుడు అరబ్బీ లిపిలో ఉన్న పాత వక్ఫునామా ముందేసుకుని, అందులో రాసిన ‘సంతానం’ అన్న మాటకు కూతురి బిడ్డలు వస్తారా రారా, ‘తరం తరవాత తరం’ అని రాసి ఉందా లేదా అని వెతికి, జనన రిజిస్టర్లతో సరిపోల్చి, తన నివేదిక రాసి ఇస్తాడు.